బస్టాపు ఎవరి ముందు?

ఇదీ ఒక రాయదగ్గ సంగతేనా అని ఫోను పక్కన పడేశాను గానీ, మనసు ఊరుకోలేదు.

సాలూరు ఘాట్ రోడ్డు వెడల్పు చేస్తారట. కొత్త బస్టాపు ఎక్కడ కావాలో అడగడానికి ఇంజినీరు ఈ రోజు మా ఊరి బడి వరండాలో పటం పరిచాడు. (మా చిన్నప్పుడు బస్టాపులెక్కడివి? డ్రైవరుకి ఎక్కడ ఆకలేస్తే అదే బస్టాపు.) కొట్లవాళ్లందరూ ఎవరి కొట్టు ముందు వాళ్లకే కావాలన్నారు. ఇప్పుడు బస్సు ఆగేది మా చెల్లెలు పైడమ్మ ఇడ్లీ పాక ముందు. ఆమె బతుకంతా ఆ బస్సే.

"ఒలే, నీ పాక ముందే ఉంచమని గట్టిగా సెప్పు," అన్నాను.

"నువ్వూరుకో అన్నియ్యా," అని ఇంజినీరు వైపు తిరిగింది. "బాబూ, కొండదారి రోడ్డు మీద కలిసే దగ్గిర ఎట్టండి. సంతకెళ్లే ఆడోళ్లు అనాసగంపలు నెత్తినెట్టుకుని, లారీల మధ్యన నా పాక దాకా నడిసి రావాలేటి?"

"మరి నీ యాపారమో?" అన్నాను.

"ఇడ్లీ బాగుంటే ఆళ్లే నడిసొస్తారు. బాగోకపోతే బస్సు ముందాగినా తినరు."

ఆమె నా చెల్లెలని పక్కాయనకి రెండుసార్లు చెప్పాను. ఆయన మా బావే, ఆమె మొగుడు.

మీ ఊళ్లో బస్టాపు ఎవరి గుమ్మం ముందుందో చెప్పండి.

ఇంజినీరు కొండదారి దగ్గర పెన్సిల్‌తో గుండ్రంగా గీసి, పటం చుట్టుకుని జీపెక్కాడు.