నూకాలు నడక మాన్పించాను

ఇన్నేళ్లుగా ఈ మాట నా గుండెల మీద బరువుగా కూర్చుంది. మీరు నన్నెరగరు కాబట్టే చెబుతున్నాను.

మా చెల్లెలు నూకాలుకి, మనుషులు లేకుండానే మాటలు వినిపించే జబ్బు. భర్త వదిలేశాక డుంబ్రిగుడలో మా ఇంట్లోనే ఉంటోంది. మాత్రలకు మాటలు తగ్గాయి కానీ ఒళ్లు పెరిగిపోయింది. రోజూ నడవమన్నాడు డాక్టరు. నడిచింది. పొద్దున్నే కాఫీ తోటల మీదుగా కొండెక్కి, చెమటతో దిగివచ్చేది. కొన్నాళ్లకు జాకెట్లు వదులయ్యాయి. తనలో తనే నవ్వుకునేది.

నాకు అనుమానం పట్టుకుంది. జబ్బు మనిషికి ఇంత కళ ఎక్కడిది? ఎవరిని కలుస్తోంది? ఒకరోజు వెనకాలే వెళ్లి, మిరియాల తీగల చాటున నిలబడి చూశాను. చేతులూపుకుంటూ ఒంటరిగా నడుస్తోంది. అంతే. అయినా నమ్మలేదు. ఇవాళ వాడు రాలేదేమో అనుకున్నాను. ఆ వాడెవడో నాకే తెలియదు. నాది నిజంగా అనుమానమేనా, లేక నా మీద ఆధారపడ్డ మనిషి నా అవసరం లేకుండా బాగుపడుతోందన్న కడుపుమంటా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మళ్లీ మాటలు వినిపిస్తున్నాయంటోందని, కొండల్లో పడి తిరుగుతోందని డాక్టరుకు చెప్పాను. మొదటిది పచ్చి అబద్ధం. ఆయన మందు పెంచాడు. నూకాలు పక్కనే కూర్చుని అంతా వింది. బయటికొచ్చాక అడిగింది. మా వైపు అక్కను అప్పా అనే పిలుస్తారు.

"అప్పా, నాకు మాటలినిపిస్తన్నాయని నేనెప్పుడన్నాను?"

"అన్నావే. మర్సిపోనావు."

కాసేపు నా మొహంలోకి చూసింది.

"అన్నాను గావాల."

ఆ మందుకు మధ్యాహ్నం దాకా లేచేది కాదు. నడక ఆగిపోయింది. ఒళ్లు మళ్లీ పెరిగింది. షుగరొచ్చింది. కాలి పుండు మానక రెండు వేళ్లు తీసేశారు. అన్నిటికన్నా ఘోరం, తన చెవులను తను నమ్మడం మానేసింది. వీధిలోంచి ఎవరైనా పేరు పెట్టి పిలిచినా, నిజంగా పిలిచారా అన్నట్టు నా వైపు చూసేది.

మొన్న డాక్టరుకు నిజం చెప్పేశాను. ఆయన పాత చీటీలు తిరగేశాడు. మందు మెల్లగా తగ్గిద్దామన్నాడు. ఇంటికొచ్చి, నూకాలు కాలికి కట్టు మారుస్తూ ఆమెకూ చెప్పాను. మళ్లీ మాటలు వినిపిస్తున్నాయని నువ్వు అనలేదు, ఆ రోజు నేనే అబద్ధమాడాను అని. తిడుతుందనుకున్నాను. ఆమె నా పెదాల వైపు అనుమానంగా చూసింది.

"అప్పా, ఇది నువ్వే సెప్తన్నావా, నాకలా ఇనిపిస్తందా?"

"నేనే సెప్తన్నాను, నూకాలూ."

నమ్మలేదు. మళ్లీ చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకు ఊపిరి అందింది. ఆమెకు ఏమందిందో తెలియదు.