నాలుగో ఫొటోకి వేసిన దండ

కరాటేలో ఓనమాలు రాకపోయినా, ఒక మహాగురువును పూటంతా చంపేసిన ఘనత నాది. నవ్వకండి. ఆ వార్త ఈపాటికి దోహా శివార్లలోని మా అల్ వుకైర్ అంతా పాకే ఉంటుంది.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దోహాలో రోడ్లన్నీ తవ్వేస్తున్న రోజులవి. లోకమంతా ఇక్కడికే వస్తోందని అందరికీ సంబరం. నాకు మాత్రం కళ్ళు మూస్తే చాలు, ఆ జనంలో తప్పిపోయి ఏడుస్తున్న మా ఆరేళ్ళ చిన్ని కనిపించేది. అందుకే దాన్ని కరాటేలో చేర్చాను. స్టేడియం పనిలో మునిగిన మా ఆయన, "తప్పిపోతే కరాటే దారి చూపిస్తుందా?" అన్నారు. భయానికి లెక్కలు చెబితే ఎలాగండీ!

పసుపు బెల్టు పరీక్షలో గురుపరంపర కూడా చెప్పాలన్నారు. క్లాసు గోడమీది నాలుగు నలుపు తెలుపు ఫొటోలు చూపించి నేనే నేర్పాను.

"మొదటాయన జపాన్‌లో ఒకినావా దీవిలోని నాహా రేవులో ఓడెక్కి చైనా వెళ్ళి ఈ విద్య తెచ్చాడు. రెండో ఆయన దానికి పేరు పెట్టాడు. మూడో ఆయన రెండో ఆయన శిష్యుడు, నాలుగో ఆయన మూడో ఆయన శిష్యుడు."

"వీళ్ళంతా ఇప్పుడెక్కడున్నారమ్మా?"

"దేవుడి దగ్గర."

మా ఇంట్లో నలుపు తెలుపు ఫొటోలో ఉన్నవాళ్ళెవరూ మరి మిగల్లేదు!

పరీక్ష రోజు ఒకినావా నుంచి పెద్ద గురువు వస్తున్నారు. క్లాసు నడిపే కేరళ మాస్టారు, "మేడమ్, ఫొటోలు కొంచెం అలంకరించండి. యల్లా, టైమైపోయింది, నేను ఎయిర్‌పోర్టుకి!" అంటూ పరుగెత్తారు. అలంకరించాను. నలుగురికీ కుంకుమ బొట్లు, గంధపు దండలు, ముందు అగరొత్తులు.

నిజామాబాద్ లావణ్యక్క కొడుకుతో లోపలికి వస్తూనే ఆగిపోయింది.

"ఓ పిల్లా, నాలుగో ఆయనకు దండెందుకేసినవే?"

"పోయినవాళ్ళకి వెయ్యరా అక్కా?"

"ఏడికి పోయిండు? మాస్టర్ మెసేజ్ వెట్టిండు, సూడు! గా ఫొటోల ఉన్నాయనే వస్తుండు!"

గోడ దగ్గరికి పరుగెత్తాను. దండ లాగాను. మేకుకు చిక్కుకుంది. తలుపు తెరుచుకుంది.

జుట్టు ముగ్గుబుట్ట. కనుబొమలు మాత్రం ఫొటోలోవే! క్లాసు మొదలయ్యే ముందు అందరూ ఫొటోలకు వంగి నమస్కరించాలి. ఆయనా వంగారు, పొగలో మునిగిన తనకు తానే.

"మన ఆచారం ఆయనకేం తెలుసులే అక్కా," అన్నాను గుసగుసగా.

"దండ తెల్వదేమో. మరి అగరొత్తులు?"

పెద్దాయన జపనీస్‌లో ఏదో అన్నారు. మాస్టారు పాలిపోయిన మొహంతో ఇంగ్లీషులో చెప్పారు: "మా ఊళ్ళో కూడా పోయినవాళ్ళకే ఇవి వెలిగిస్తాం. నేనెప్పుడు పోయాను?"

మా చిన్ని చెయ్యెత్తింది. "నాకు తెలుసు! మీరు దేవుడి దగ్గరున్నారు. మా అమ్మ చెప్పింది!"

అయిపోయింది. బెల్టు పోయింది. నా మూలంగా పిల్లను గెంటేస్తారు. పెద్దాయన దాన్ని ముందుకు పిలిచి, పరంపర చెప్పమన్నారు. చిన్ని ఓడ దగ్గర మొదలుపెట్టి ఎక్కడా తడుముకోలేదు. చివర నేను నేర్పనిది కూడా కలిపింది. "మీ శిష్యుడు మా మాస్టారు. ఆయన శిష్యురాలిని నేను!"

పెద్దాయన మోకాళ్ళమీద కూర్చుని స్వయంగా పసుపు బెల్టు కట్టారు. తర్వాత నావైపు చూసి, మాస్టారి చేత చెప్పించారు. "పోయినవాడు ఎవర్నీ ఫెయిల్ చేయలేడు కదా!"

అందుచేత పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై మనిషి నాడి చూడకుండా ఏ ఫొటోకీ దండ వేయను. మొన్న మా ఆయన సరదాకి ఫోన్‌లో తన ఫొటోను నలుపు తెలుపుగా మార్చారు. సైట్‌కి ఫోన్ చేసి, ఆయన విసుక్కున్నాకే ఊపిరి పీల్చుకున్నాను.