నలగని అంబాసిడర్

మా చిన్నప్పుడు అందరి వాకిళ్ళలో వడియాలు ఎండేవి... మా వాకిట్లో ఇసుక ఎండేది.

స్వర్ణముఖి ఏటి ఇసుక. జల్లెడ పట్టి, పాత చాప మీద పరిచి, చెయ్యి పెడితే చురుక్కుమనేదాకా ఎండబెట్టడం అక్కకీ నాకూ పని. మా నాయన ఆ ఇసుకను ఇనుప గొట్టాల్లో కూరి, రెండు కొసలకూ చెక్క బిరడాలు దిగ్గొట్టి, ఎర్రగా కాల్చి వంచేవాడు. లోపల ఇసుక ఉంటే గొట్టం గుండ్రంగా వంగుతుంది, మధ్యలో నొక్కుకుపోదు. తడి ఉంటే మాత్రం ఆవిరికి బిరడా ఎగిరి మొహం మీదికొస్తుంది... అందుకే అంత ఎండ.

నాయుడుపేటలో హైవే పక్కన నాయనకు వెల్డింగ్ షెడ్డు ఉండేది. మద్రాసు నుంచి సినిమా ఫైట్ల వాళ్ళు వచ్చి, గుద్దించే కార్లు ఆయన చేత తయారు చేయించుకునేవాళ్ళు. అన్నీ టాక్సీలుగా తిరిగి తిరిగి అలిసిపోయిన పాత అంబాసిడర్లు.

ముందు అద్దాలన్నీ ఊడదీసేవాడు. తర్వాత వెనక సీటు. పెట్రోలు ట్యాంకు తీసేసి, చిన్న డబ్బా ఒకటి లోపల కట్టేవాడు. నాలుగు తలుపులూ తెరుచుకోకుండా వెల్డింగ్ చేసేసేవాడు... ఇక ఎక్కడమైనా దిగడమైనా కిటికీలోంచే. ఆఖరున, వంచిన గొట్టాలతో లోపల ఒక పంజరం. కారు పల్టీ కొట్టినా పైకప్పు తల మీదికి దిగకూడదని.

ఆ పంజరంలో కూర్చుని కారు నడిపేది మా మామ. అమ్మకు ఒక్కడే తమ్ముడు, యోహాను. మా ఇంట్లో నవ్వు వినపడిందంటే ఆయన వచ్చాడని అర్థం.

కారు షెడ్డు దాటే ముందు అమ్మ వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. "ఈ బండికి ఏ కీడూ రానీయబాక తండ్రీ..." అని మొదలుపెట్టేది.

మామ కిటికీలోంచి తల బయటపెట్టి, "అక్కా, బండి పగలడానికే గదా పోతాండేది. దాన్నొదిలేసి నా సంగతి చెప్పు ఆయనకి" అనేవాడు.

"గమ్మునుండరా, ప్రార్థనలో మాట్టాడబాక" అని అమ్మ కళ్ళు తెరవకుండానే కసిరేది.

ఒకసారి మామ నుదుటికి కట్టుతో తిరిగొచ్చాడు. కారు ముందు భాగం నలిగి స్టీరింగు దాకా వచ్చిందట. ఆయన నవ్వుతూనే ఉన్నాడు గానీ, అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

"నీ చేతిపని ఇంతేనా? నాకుండేది ఒక్క తమ్ముడు" అంది నాయనతో.

నాయన తర్వాతి కారుకు పాత లారీ ఛాసిస్ ముక్క తెచ్చి బంపరు వెనక అడ్డంగా వేశాడు. దాన్ని రెండు పక్కలా లోపలి పంజరానికి కలిపేశాడు. వెల్డింగ్ మీద మళ్ళీ వెల్డింగ్... చాలనిపించలేదేమో, తెల్లారి లేచి ఇంకో వరస వేశాడు. మామ సమ్మెట తీసుకుని కారు ముక్కు మీద ఒక్కటి వేశాడు. సమ్మెటే వెనక్కెగిరింది.

"ఏంది బావా, నన్ను కారెక్కిస్తుండావా, బీరువాలో పెట్టి తాళమేస్తుండావా?"

"నీకేమన్నా అయితే మీ అక్క నన్ను బతకనిస్తాదా? ఎక్కు."

షూటింగు తడ దగ్గర, పులికాట్ సరస్సు నీళ్ళు ఇంకిపోయిన మైదానంలో. మేమంతా పోయాం. అడ్డంగా నిలబెట్టిన ఇసుక లారీని మామ గుద్దాలి. దూరం నుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చాడు... ఒక్క చప్పుడు. దుమ్ము తగ్గాక చూస్తే, లారీ పక్క చెక్కలు పగిలి ఇసుక ధారగా కారుతోంది. మా కారు బానెట్ మీద ఒక్క సొట్ట లేదు.

జనం చప్పట్లు కొట్టారు. నాయన అమ్మ వైపు తిరిగి, "చూసినావా" అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

మామ కిటికీలోంచి రాలేదు.

ఇసుక బానెట్ మీద పడుతూనే ఉంది. తలుపులు తెరుచుకోవు కదా... మామను కిటికీలోంచే లాగారు. కాళ్ళు రెండూ ఆయనవి కానట్టు వేలాడాయి.

ఆసుపత్రిలో డాక్టరు గారు నెమ్మదిగానే చెప్పారు. "బండి కాస్త నలిగుంటే ఆ దెబ్బలో సగం బండే తీసుకునేదయ్యా. అది నలగలేదు... మొత్తం ఈయన వెన్నులోకి పోయింది."

నాయన తన చేతుల వైపు చూసుకున్నాడు.

మామ మళ్ళీ నడవలేదు. మా ఇంట్లోనే ఉండిపోయాడు. సినిమా వాళ్ళు కారును షెడ్డు ముందు దించి పోయారు. తాళం తిప్పితే ఒక్కసారికే స్టార్టయింది. నాయన దాన్ని కోయలేకపోయాడు, అమ్మలేకపోయాడు. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. నాయన ఆ తర్వాత కిటికీ గ్రిల్స్, గేట్లు మాత్రమే చేశాడు. అమ్మ బతికినన్నాళ్ళూ మళ్ళీ ఏ బండి మీదా చెయ్యి పెట్టలేదు.

మొన్న గూడూరు నుంచి వస్తుంటే ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. నా కారు దాని వెనక భాగంలోకి దూరింది. ముందు భాగమంతా అప్పడంలా అయిపోయింది. నాకు చేతి మీద చిన్న గీత. కారును ఇంటికి లాక్కొస్తే వీధిలో వాళ్ళు చుట్టూ చేరారు.

"ఇప్పటి బండ్లన్నీ ఉత్త రేకులన్నా. ఆ అంబాసిడర్ ఇనుమే ఇనుము" అన్నాడు పక్కింటాయన.

నాయన కర్ర పట్టుకుని బయటికొచ్చాడు. నలిగిన బానెట్ మీద చెయ్యి పెట్టి, మడత మడతా తడుముకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

లోపలి నుంచి, మంచం మీద నుంచి మామ అడిగాడు. "బావా... పిల్లోడి బండి ఎట్టుండాది?"

"నలిగిందిరా" అన్నాడు నాయన. "బాగా నలిగింది."



ఇప్పుడు రోడ్ల మీద అంబాసిడర్లు కనపడవు... వాటి గట్టిదనం గురించి ఎవరైనా రాస్తే చదివి ఊరుకుంటాను. మీ ఇంటి ముందూ ఆ రోజుల్లో ఏదో ఒక బండి ఉండే ఉంటుంది. దాని గురించి రాయండి... బండి కంటే ముందు, దాన్ని నడిపిన మనిషి పేరు రాయండి.