మూఢం ఇంకా వెళ్ళలేదన్నాను

ఇన్నేళ్ళుగా ఒక మాట నాలో ఉండిపోయింది. దాన్ని బరువు అందామనుకున్నాను కానీ, బరువంటే ఎంతో కొంత గౌరవంగా మోసేదిలా వినిపిస్తుంది. పాచిపోయిన కూరని ఫ్రిజ్‌లో వెనక్కి నెట్టి, మూత తీస్తే వాసనొస్తుందని ముట్టుకోకుండా వదిలేస్తామే, అలా వదిలేశాను దీన్ని. ఈరోజు మూత తీస్తున్నాను. నేనెవరో మీకు తెలియదు. తెలిస్తే రాసేదాన్ని కాదు. అంత ధైర్యం నాకెక్కడిది?

మేముండేది సౌదీలో, అల్ ఖోబర్‌లో, అజీజియాలో. ఒక సౌదీ కుటుంబం విల్లాలో పై అంతస్తు మాది, కింద ఓనర్లు. వాళ్ళింట్లో పనిచేసేది తెలుగావిడ. అసలు పేరు రాయను, సత్యవతి అనుకోండి. పిఠాపురం వైపు మనిషి. నాకంటే కనీసం పదేళ్ళు పెద్దది. నేను బడిలో లెక్కలు చెబుతానని తెలిసి ఆవిడ నన్ను టీచరుగారండీ అనేది, నేను ఆవిడని నువ్వు అనేదాన్ని. ఇందులో తేడా ఉందని అప్పట్లో తోచనైనా లేదు.

కాకినాడలో నాకొక ఫ్లాటు ఉండేది. నా పేరునే. మా పెళ్ళయిన కొత్తల్లో మావారితో నెలరోజులు మాట్లాడకుండా ఉండి మరీ నా పేరున పెట్టించుకున్నాను. ఇంటి కాగితం ఆడదాని పేరున ఎందుకుండాలో నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇది గుర్తుంచుకోండి.

ఆ ఫ్లాటు అమ్మి విశాఖలో ఇల్లు కొందామనుకున్నాం. ఆ ఇంటాయన కూడా ఇక్కడే, సౌదీలోనే జిజాన్‌లో ఉద్యోగం చేసేవాడు. ఆయనా అది అమ్మితేగానీ హైదరాబాదులో తను చూసుకున్నది కొనలేడు. మా ఫ్లాటు కొంటానంది సత్యవతి. అలా ఒకరి వెనక ఒకరం వరసలో నిలబడ్డాం. ముందున్నవాడు కదిలితేనే వెనకవాళ్ళు కదలాలి.

సత్యవతికి ఒకే ఒక్క పట్టింపు. ఇల్లు తన పేరున ఉండాలి. అంతకుముందు ఆవిడ ఇక్కడినుంచి పంపిన డబ్బుతో భర్త తన పేరున స్థలం కొని, దాన్ని అమ్ముకు తాగేశాడు. అందుకే ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి సెలవు రెండేళ్ళకోసారి, రంజాన్ పండగ అయ్యాక ఇస్తారు. ఆ సెలవులో తనే కాకినాడ వెళ్ళి, రిజిస్ట్రారు ముందు కూర్చుని సంతకం పెట్టాలని ఆవిడ కోరిక. చదువుకోకపోయినా తెలివైనది. రంజాన్‌కి ఎన్నో వారాల ముందే అడిగింది, ముందు కాయితాలు లాయరుగారికి చూపిద్దామండీ అని. పాత దస్తావేజులు, ఈసీలు అన్నీ చూసి లాయరు తన అభిప్రాయం రాసివ్వడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడే మొదలుపెట్టి ఉంటే సెలవు నాటికి అన్నీ సిద్ధంగా ఉండేవి.

నాకది ఇష్టం లేదు. జిజాన్ ఆయన ఇంకా ధర తేల్చలేదు. మా ఫ్లాటు అమ్ముడైపోయిందని తెలిస్తే, ఎలాగూ కొనక తప్పదు కదా అని ఆయన బెట్టు చేస్తాడని మా భయం. పోనీ ఉన్నమాట చెబితే? ఇంకా కొన్నాళ్ళు ఆగాలి సత్యవతీ, మేమింకా సిద్ధంగా లేము అంటే? ఆవిడ వేరేది చూసుకునేది. మా బిల్డింగులోనే ఇంకో ఫ్లాటు అమ్మకానికుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకి తెలియనివ్వలేదు. ఆవిడ కొనకూడదు, అలాగని వెళ్ళిపోనూ కూడదు. గుమ్మం దగ్గర నిలబడి ఉండాలి, నేను పిలిచేదాకా.

అప్పుడు మూఢం నడుస్తోంది. మంచి పనులేవీ తలపెట్టరే, ఆ రోజులు. నేను ఇలాంటివి నమ్మను. స్టాఫ్‌రూములో ముహూర్తాల మీద జోకులేసి నవ్వించేది నేనే. అలాంటి నేను సత్యవతితో ముఖం గంభీరంగా పెట్టి, మూఢంలో ఇంటి కాగితాలు కదపకూడదు, లాయరుకి కూడా చూపించకూడదు అన్నాను. మూఢాన్ని నమ్మేవాళ్ళు కూడా లాయరు దగ్గరికి వెళ్ళడం మానరు. అది నా సొంత కల్పన. ఆవిడ రెండు చేతులూ జోడించి, మంచిమాట చెప్పారండి అంది.

ఇంతవరకూ అయితే, స్వార్థం అని సరిపెట్టుకోవచ్చునేమో.

రంజాన్ మొదటి వారంలో మూఢం వెళ్ళిపోయింది. పంచాంగం నా ఫోనులోనే ఉంది, చూశాను. ఆవిడ గదిలో ఉన్నది అరబ్బీ క్యాలెండరు ఒక్కటే. ఇంట్లో చెప్పకుండా చేస్తోంది కాబట్టి ఊళ్ళో ఎవర్నీ అడగలేదు. ఆవిడకున్న పంచాంగం నేనే.

కింది ఓనరమ్మ రంజాన్‌లో రోజూ ఇఫ్తార్‌కి ముందు మాకు మన సమోసాల్లాంటి సంబూసాలూ సూపూ పంపేది. తెచ్చేది సత్యవతే. ఆ సాయంత్రం మెట్లెక్కి వచ్చి, పళ్ళెం నా చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగింది.

"టీచరుగారండీ, మూఢం ఎల్లిపోయిందా అండీ?"

"ఇంకా లేదు సత్యవతీ."

"పండక్కి ముందైనా ఎల్తాదంటారా?"

"చెప్పలేం. ఈసారి ఎక్కువ రోజులుంది."

"ఆయ్. మీరు సూసి సెప్పాక ఇంకేటండీ. ఎల్లగానే నాకో మాట సెప్పండి, మర్సిపోకండే. సంబూసాలు ఏడిమీదే తినెయ్యండి, సల్లారితే బాగోవు."

అంతే. పళ్ళెం లోపలికి తెచ్చాను. సంబూసాలు తిన్నాను. వేడివేడిగా, కొత్తిమీర చట్నీతో, ఆవిడ చెప్పినట్టే. ఎన్ని తిన్నానో గుర్తులేదు కానీ ఆకలిగా తిన్నానని గుర్తుంది. ఇప్పుడు కిందినుంచి ఆ నూనె వాసన వస్తే తలుపు వేసేసుకుంటున్నాను. నాకు సిగ్గు ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చింది?

ఆవిడ సెలవుకి వెళ్ళింది. ఇంట్లోవాళ్ళు ఆరా తీస్తారని అక్కడా మూఢం మాట ఎత్తలేదట. లాయరుకి ఒక్క కాగితమూ చేరలేదు. ఏదో వంకతో ఒక్కతే కాకినాడ వెళ్ళి, వాచ్‌మన్‌ని బతిమాలి ఫ్లాటు లోపల చూసిందట. తిరిగొచ్చాక ఆ ముచ్చట చెబుతూ, వంటగట్టు సరిగ్గా నా నడుం ఎత్తుకే ఉందండీ అంది. ఇక్కడ అన్నీ ఎవరి ఎత్తుకో కట్టిన గట్లు, వంగీ వంగీ నడుం పడిపోయిందండీ అంది. నేను నవ్వాను. బాగుందా అయితే, అన్నాను.

ఆవిడ వచ్చిన కొన్నాళ్ళకే జిజాన్ ఆయనకి ఉద్యోగం ముగిసి, సౌదీ వదిలిపోయే ఫైనల్ ఎగ్జిట్ ఖాయమైంది. ఉన్నపళంగా అమ్మేసి వెళ్ళిపోవాలి. ఇక చూడండి నా హడావిడి. మూఢం పోయింది సత్యవతీ అని నేనే మెట్లు దిగి వెళ్ళి చెప్పాను. లాయరు కాగితాలు చూశాడు, ఏ తిరకాసూ లేదన్నాడు. ఇక మిగిలింది సంతకం. ఆవిడకి మళ్ళీ సెలవు రెండేళ్ళకి.

ఇక్కడినుంచే ఎవరికైనా పవరాఫ్ అటార్నీ ఇచ్చి సంతకం పెట్టించుకోవచ్చు. ఇల్లు అప్పుడూ ఆవిడ పేరునే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలుసా? ఆ వారమే నేను మన ఎంబసీ వాళ్ళ ఆఫీసుకి వెళ్ళి, అమ్మే సంతకానికి మా తమ్ముడికి పవరిచ్చి వచ్చాను. కారులో వెనక సీటంతా ఖాళీ. మావారు ఓనరుతో ఒక్క మాట అంటే ఆవిడని పంపేవాడేమో. కానీ కఫీల్‌ని, అంటే ఆవిడ వీసా చేతిలో ఉన్న ఆ ఓనర్ని, అడగడం, ఒప్పించడం, ఆవిడ కాగితం ఊరికి చేరడం, ఇదంతా ఇంకో నెల. ఆ నెల నాకు దండగ అనిపించింది. ఆవిడకి ఆ దారి ఉందని కూడా చెప్పలేదు. మీ ఆయన పేరున పెట్టించెయ్, వచ్చే సెలవులో నీ పేరుకి గిఫ్టు రాయించుకుందువుగాని అన్నాను.

ఆవిడ సరేనంది. ఆ గట్టు మీద మనసు పడింది. నన్ను నమ్మింది. రెండిట్లో దేనికి ఒప్పుకుందో నాకు తెలియదు.

ఏడాది తిరక్కుండానే ఆమె భర్త దాన్ని అమ్మేశాడు.

విశాఖ ఇల్లు మాత్రం నా పేరున రిజిస్టరైంది. ఛీ. ఈ వాక్యం రాస్తుంటే చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఫోనులో విషయం తెలిసిన రోజు పైకొచ్చి మా గుమ్మం పక్కన కూలబడి ఏడ్చింది. నేను మంచినీళ్ళిచ్చాను, వీపు నిమిరాను. ఆ నిమిరిన చెయ్యి నాదే. ఏడుపు ఆగాక, మీరేం సేత్తారండీ, మూఢం దాటీ దాటకుండానే కదిపేశాం, అందుకే అచ్చిరాలేదు అని నన్నే ఓదార్చింది. నేనేమన్నాను? అవునేమో అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను. బయటపడిపోయే దారి ఆవిడే చూపిస్తే అందులోంచి దూరిపోయాను.

ఇప్పుడెందుకు రాస్తున్నాననుకుంటున్నారా? సత్యవతి ఇంకా కిందే ఉంది. నడుం మరీ వంగింది. మళ్ళీ కూడబెట్టింది. పిఠాపురంలోనే రెండు గదుల ఇల్లు చూసుకుంది. రంజాన్ వస్తోంది, ఆ వెంటనే సెలవు. మొన్న మెట్ల మీద ఆపి, కాగితాలు లాయరుకి పంపించావా అని అడిగాను. ఇంకా లేదంది. మూఢం నడుస్తోందని వాళ్ళ చెల్లెలు చెప్పిందట. నిజంగానే నడుస్తోంది. లాయరుకి చూపించడానికి మూఢం అడ్డు కాదు సత్యవతీ, ఈరోజే పంపించు అన్నాను. నా గొంతులో ఆత్రం నాకే తెలుస్తోంది.

ఆవిడ నవ్వింది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"వద్దండీ. అప్పుడు మీరే కదండీ సెప్పారు, లాయరుక్కూడా సూపించకూడదని. ఆ పాలి తొందరపడే పోగొట్టుకున్నాం. ఈ పాలి బాగా ఎల్లనిచ్చాకే మొదలెడతానండీ."

కాదని వాదించాను. వినలేదు. నా అబద్ధం ఆవిడకి శాస్త్రమైపోయింది. అది అబద్ధమని ఒప్పుకుంటే తప్ప ఆవిడ ఆ కాగితాలు కదపదు. ఒప్పుకోవాలంటే సంబూసాల పళ్ళెం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఖాళీ సీటు సంగతీ చెప్పాలి.

ఇక్కడ చెప్పాను. మూఢం అప్పటికే వెళ్ళిపోయింది, నాకు తెలుసు, వెళ్ళలేదన్నాను. ఈ ముక్క రాశాక నాకు కొంచెం తేలికైంది. మీరు నన్ను క్షమించక్కర్లేదు, క్షమించాల్సింది మీరు కాదు.

ఆవిడ మాత్రం కింద వంటగదిలో ఎవరి ఎత్తుకో కట్టిన గట్టు మీదికి వంగి, మూఢం ఎప్పుడు వెళుతుందా అని చూస్తోంది.