రబ్బరు బ్యాండు అవతలి పేజీలు

పక్కింటి టీచరమ్మ ఆస్పత్రిలో పోయిందన్న కబురు వచ్చేసరికి ఆమె ఇచ్చిన నవల నా ఒళ్ళోనే ఉంది. చివరి అధ్యాయం అప్పుడే ముగించాను. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసింది. వినేందుకు ఆమె లేదు.

జమ్మలమడుగు మిషన్ కాంపౌండులో పుట్టి, ప్రొద్దుటూరు బళ్ళలో పాఠాలు చెప్పి ముసలిదైన మనిషి. బైబిలు తర్వాత ఆమె చేతిలో ఎప్పుడూ ఉండేది నవలే. అయితే ఏ నవలలోనూ చివరి అధ్యాయాన్ని ముందుగా తను చదివేది కాదు. ఆ పేజీలన్నీ కలిపి రబ్బరు బ్యాండు వేసి నాకిచ్చేది. నేను చదివి, ఫరవాలేదనుకుంటే బ్యాండు తీసి ఇవ్వాలి. ఎవరైనా అన్యాయంగా చచ్చివుంటే అట్లే ఇచ్చేయాలి. బ్యాండుతో తిరిగొచ్చిన పుస్తకాన్ని ఆమె మళ్ళీ తెరిచేది కాదు.

“భయమా టీచరమ్మా?” అని ఒకసారి ఎగతాళి చేశాను.

“భయం గాదప్పా. మా తమ్మున్ని పులివెందుల దోవలో ఇంకెవురో అనుకోని నరికినారు. నేను ఈడ వానికోసం అన్నం పెట్టుకోని కూచోనుంటి. ఒకతూరి సాలు.”

ముక్కోపినని వీధంతా తప్పుకుపోయే నన్ను నమ్మి, మనుషుల చావుబతుకులు నా చేతికిచ్చింది ఆమె ఒక్కతే.

ఈ ఆఖరి నవలకు బహుమతి వచ్చింది. రాసినాయన సభల్లో సీమ నెత్తురు గురించి గొంతు వణికిస్తూ మాట్లాడుతున్నాడు. ఆయనకు శాలువాలు కప్పినవాళ్ళలో ఒక్కరైనా ఎర్రగుంట్లలో బస్సు దిగారా అని నా అనుమానం. కథలో ఇంటర్ చదివే పిల్లోడు ప్రొద్దుటూరులో ఉన్న అక్క దగ్గరికి పోవడానికి ఆ ఎర్రగుంట్లలోనే బస్సు కోసం నిలబడి ఉంటాడు. టీచరమ్మ అంతవరకూ చదివి, పిట్టగోడ మీదుగా పుస్తకం అందించింది.

“ఎర్రగుంట్లలో అంతసేపు నిలబన్నోడు మొగంమింద సిమెంటు ఫ్యాక్టరీల దుమ్మన్నా తుడుచుకోడా? రాసినాయప్ప ఆడికి వచ్చినట్లు లేదు. పిల్లోడు మాత్రం శానా మంచోడు. తొందరగా చదివి చెప్పప్పా, ఇల్లు చేరతాడా?”

చేరడు. రెండు వాక్యాల్లో చంపేశాడు మహానుభావుడు. కారణం కథలో యాడా లేదు. సీమ కథ కాబట్టి ఎవడో ఒకడు చావాలి, అంతే. మీలో ఆ ముగింపును మెచ్చుకున్నవాళ్ళు ఉంటే ఉండండి. ఇంతకన్నా చెత్త పుస్తకాలు బోలెడు చదివాను గానీ, ఏ రచయితనూ ఇంతగా అసహ్యించుకోలేదు.

సమాధుల తోట నుంచి తిరిగొస్తుంటే ఆమె కూతురు నా పక్కకు వచ్చింది. “మామా, ఆస్పత్రిలో అమ్మ ఒకటే అడగడం. మామ రబ్బరు తీసినాడా, పిల్లోడు అక్కింటికి చేరినాడా అని. ఏమైనాడు మామా?”

“ఇంకా చదువుతాండానమ్మా,” అన్నాను.

ఇంటికొచ్చి బ్యాండు మళ్ళీ వేసేశాను. దానికి ఇవతల పిల్లోడు ఇంకా నిలబడే ఉన్నాడు. బస్సు రాలేదు. ఇప్పుడు వేరే ఏ నవల తెరిచినా, చివరికొచ్చేసరికి గోడ అవతల ఆమె కుర్చీ కిర్రుమంటుంది. “ఏమప్పా, చేరతాడా?”

నిన్న మధ్యాహ్నం ఎండకు ఎండిన బ్యాండు పుటుక్కున తెగింది. పేజీలు విచ్చుకోబోతుంటే అరచేత్తో అదిమి పట్టుకుని అట్లే కూర్చున్నాను, గోడవైపు చూడకుండా.