జేబు లేని చొక్కా

మా కుట్టు టీచరుగారు పోయారని నందిగామ నుంచి ఫోను వస్తే నేను వెంటనే నమ్మలేదు. చేసింది నాతోపాటు నేర్చుకున్నామె, ఏ మాటకైనా నాలుగు కలిపే మనిషి. అందుకని టీచరుగారింటికే చేశాను. ఆవిడ కోడలు ఎత్తి, "నిజమేనండీ, తెల్లారుజామున," అంది. ఒకరు చెబితే సరిపోదు, రెండో చోట అడగాలన్నది ఆవిడ నేర్పిన పద్ధతే. ఆవిడ కబురుకీ అదే పాటించానని తెలిస్తే నవ్వుకునేవారు.

తొంభైలలో జగ్గయ్యపేటలో ఒక బట్టల కొట్టు పై గదిలో ఆవిడ ఆడవాళ్లకు డ్రెస్ డిజైనింగ్ నేర్పేవారు. నందిగామ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలయ్యాక నేనూ చేరాను. ఇంటి ఖర్చు ఏ రోజుకారోజు రాసుకునే అలవాటున్న నాకు కొలతలు కష్టమనిపించలేదు. కష్టమల్లా ఆవిడ అనుమానమే. గుడ్డ ఎంచడం నేర్పడానికి మమ్మల్ని కింద కొట్టుకి తీసుకెళ్లి, తడి చేతిరుమాలుతో గుడ్డ మూల రుద్దేవారు. రుమాలుకి రంగు అంటిందేమోనని వెలుతురులో తిప్పితిప్పి చూసేవారు.

"ఇన్నేళ్లుగా అమ్ముతున్నానమ్మా, ఇంకా నన్ను నమ్మరా?" అని కొట్టాయన నొచ్చుకున్నాడోసారి.

"మిమ్మల్ని నమ్ముతానండి. గుడ్డనే నమ్మను."

మెప్పునీ నమ్మేవారు కాదు. నేను కుట్టిన జాకెట్టుని పక్కింటావిడ తెగ మెచ్చుకుందని సంబరంగా చెబితే, "తనకీ ఒకటి కుట్టమందా?" అని అడిగారు. లేదన్నాను. "మెచ్చేవాళ్లు కొనరమ్మాయ్. వంకలు పెట్టేవాళ్లే కొంటారు," అని తన కత్తిరింపులో పడిపోయారు.

ఆ రోజుల్లోనే చుట్టుపక్కల కుట్టు కేంద్రాలన్నిటికీ కలిపి నందిగామలో పోటీ పెట్టారు. పనిచేసే ఆడవాళ్లకు దుస్తులు రూపొందించాలి. మా వైపు మిరపకాయల కోతకి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. భుజాలు జారి, చేతులు వేలాడుతూ ఉంటాయవి. వాళ్ల కోసమే కొలత తీసి చొక్కా కుట్టాలనుకున్నాను. చేతుల చివర బిగించాను. మగ చొక్కాకి గుండె మీద ఉండే జేబులోంచి వంగితే సామాను జారిపోతుందని, జేబులు నడుం పక్కకి తెచ్చాను. నాకు నచ్చింది ఆ జేబులే.

"జేబు మీద నాకు అనుమానంగా ఉందమ్మాయ్," అన్నారు టీచరుగారు. "మిరప గింజలు చేరతాయి. అందులో పెట్టిన చెయ్యే కళ్లకి పెట్టుకుంటారు."

"పైన మూత పెట్టానండి."

"మూత ఎవరు వేసుకుంటారే, పనిలో?"

నేను తీయలేదు. పోటీకి ఒక్కో కేంద్రం నుంచి ఒక్కో టీచరు న్యాయనిర్ణేతగా కూర్చున్నారు, మా ఆవిడా కూర్చున్నారు. గుమ్మం దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. నా చొక్కా దగ్గరికి రాగానే ఆవిడే జేబులో చెయ్యి పెట్టి, లోపలి గుడ్డ బయటికి లాగి మిగతావాళ్లకి చూపించారు. ఏదో అన్నారు. అందరూ తలలూపారు. నాకు మూడో బహుమతి కూడా రాలేదు. మొదటిది అద్దాలు కుట్టిన పెళ్లి జాకెట్టుకి ఇచ్చారు.

"పనిచేసే ఆడవాళ్లకన్నారు కదే?" అన్నాను నా పక్కనున్నామెతో.

"పెళ్లి చేసుకోవడం పని కాదా అక్కా! ఆ తర్వాతంతా పనేగా," అని కిసుక్కున నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చొక్కా అడిగితే టీచరుగారు, "నా దగ్గర ఉండనీ," అని సంచిలో పెట్టుకున్నారు. ఎందుకో చెప్పలేదు. నేను క్లాసు మానేశాను. కొన్నాళ్లకి ఆవిడే మా ఇంటికి వచ్చారు. ఓదార్చలేదు, మంచినీళ్లు తాగి, "కోపం నా మీద కదా, కత్తెరకి తుప్పు పట్టించకు," అని వెళ్లిపోయారు. మర్నాడు వెళ్లాను. ఇవాళ మా ఇంట్లో కుట్టు మిషను ఆగకుండా తిరుగుతోందంటే ఆ ఒక్క మాట వల్లే.

ఆ మరుసటి ఏడు కోతల్లో, ఆటోలో నా ఎదుట కూర్చున్న కూలీ ఒంటి మీద నా చొక్కా చూశాను. అదే పొడవు, అదే బిగింపు. జేబులు మాత్రం లేవు. నందిగామలో దర్జీ కుట్టాడంది. నేరుగా టీచరుగారి దగ్గరికి వెళ్లాను.

"దర్జీ కుట్టే ఆ కోతల చొక్కా నా మాదిరేనాండీ?"

"నీదే. ఆ దర్జీకి నేనే ఇచ్చా."

"ఏం తీసుకుని ఇచ్చారు?"

"అడుగు, అడగాలి. నేర్పింది నేనేగా," అని నవ్వారు. "ఏం తీసుకోలేదు. నమ్మితే నమ్ము."

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెప్తే జేబులు పెట్టమంటావు."

అసలు సంగతి అప్పుడడిగాను. "పోటీ రోజు నాకు మార్కులు తగ్గించింది జేబు వల్లేనా? సొంత శిష్యురాలికి బహుమతి ఇచ్చుకున్నారంటారనా?"

ఆవిడ సూదిలో దారం ఎక్కించి, చివర ముడి వేశారు. "అదీ ఉందిలే," అన్నారు.

ఏది ఎంత ఉందో చెప్పలేదు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎన్నోసార్లు కలిశాం, మా అమ్మాయి ఓణీలకి దగ్గరుండి గుడ్డ ఎంచి పెట్టారు కూడా. ఆ మాట మాత్రం మళ్లీ రాలేదు. ఇక అడగడానికి రెండో చోటు లేదు.

ఆవిడని చివరిసారి చూసి నందిగామ నుంచి తిరిగొస్తుంటే, కోతలు ముగించుకున్న కూలీలు దారిలో బస్సెక్కారు. బస్సంతా మిరప ఘాటుతో నిండిపోయింది. నా సీటు పక్కన నిలబడ్డామె జేబుల్లేని ఆ మాదిరి చొక్కాలోనే ఉంది. కండక్టరు టికెట్టు ఇచ్చాడు. ఆమె చెయ్యి ముందు గుండె మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. నడుం పక్కకి దిగి, గుడ్డ మీద కాసేపు తడుముకుంది. బస్సు కుదుపుకి తూలి, టికెట్టు పళ్ల మధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులా పైనున్న కడ్డీ అందుకుంది.