కుంటిపిల్లిని ఎవరు పంపారు?

మా బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు, అనుమానం. దానికి ఆయన వాడే మందు కూడా ఒకటే ప్రశ్న: "నిన్నెవరు పంపారు?" పోస్టుమాన్ ఉత్తరం తెచ్చినా అదే అడుగుతాడు. "పోస్టాఫీసు వాళ్లండీ" అని అతను పదిహేనేళ్లుగా ఓపిగ్గా చెబుతున్నాడు. పిన్ని కాఫీ పట్టుకొచ్చినా అదే. "ఎవరూ పంపలేదు, వంటింట్లోంచి నేనే వచ్చాను" అంటుంది పిన్ని. బాబాయి గ్లాసుని ఒకసారి పైకెత్తి అడుగు చూసి, అప్పుడు తాగుతాడు.

అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు ప్రతి అక్షరాన్నీ దొంగని చూసినట్టు చూసినవాడు మనుషుల్ని మాత్రం ఎలా నమ్ముతాడు?

అలాంటాయన ఇరవై రెండేళ్లుగా ఇంటర్నెట్‌లో ఒక ఆట నడుపుతున్నాడు. పేరు 'కోట'. బొమ్మలుండవు, అన్నీ అక్షరాలే. "మీరు బావి దగ్గర ఉన్నారు. తూర్పున మెట్లు, పడమర చీకటి" అని తెర మీద వస్తుంది. మనం "తూర్పు" అని టైపు చేస్తే మెట్లెక్కుతాం. ఒకప్పుడు మూడొందలమంది కత్తులు దూసిన ఆ కోటలో ఇప్పుడు పదకొండుమంది మిగిలారు. వాళ్లు కూడా రాక్షసుణ్ణి చంపడం మానేసి, వాడి గుహలోనే కూర్చుని మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆట నడిచేది ఒక కాలేజీ కంప్యూటర్ మీద. ఆ ల్యాబు చూసుకునే ఆవిడ ఫోన్ చేసి, "నెలాఖరుకి పాతికమందైనా లేకపోతే ఆపేస్తామండీ" అంది.

"మిమ్మల్నెవరు పంపారు?" అని బాబాయి ఫోన్ పెట్టేశాడు. కానీ ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

పిన్ని నన్ను పిలిపించింది. "ఆ కోట కాస్తా పోతే మీ బాబాయి రోజంతా నన్నే అనుమానిస్తూ కూర్చుంటారురా. ఎలాగైనా కాపాడు."

తెలిసిన చోటల్లా ప్రకటనలు పెట్టాను. కొత్తవాళ్లు వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే గుమ్మంలోంచి వెనక్కి పోయారు. ఎందుకో చూద్దామని నేనూ కొత్తవాడిలా వెళ్లాను. బాబాయి గుమ్మంలో పెట్టిన ద్వారపాలకుడు పద్నాలుగు ప్రశ్నలు వేశాడు.

"బాబాయ్, ఆడుకోవడానికి వచ్చినవాళ్లని దొంగల్లా నిలబెడితే ఎలా?"

"ఆడుకోవడానికే వచ్చారని నీకెవరు చెప్పారు?"

రెండు రోజులు పోట్లాడి పద్నాలుగుని ఒకటికి తగ్గించాను. ఏది ఉంచాడో మీకు తెలుసు.

తర్వాతి వారం బాబాయి నన్ను చెయ్యి పట్టుకుని కంప్యూటర్ దగ్గరికి లాక్కెళ్లాడు. "చూశావా! ముఠా దిగింది."

కోటలో దారి తెలియనివాళ్లు "సాయం" అని కొడితే సూచనలు వస్తాయి. కానీ ఐదుగురు కొత్తవాళ్లు, పట్టపగలు, "సాయంత్రం" అని కొట్టారు. కోట వాళ్లకి "ఇప్పుడు సాయంత్రం కాదు" అని జవాబిచ్చింది.

"సంకేతంరా! సాయంత్రం ఏదో చేయబోతున్నారు" అన్నాడు బాబాయి.

నా ఫోన్లో "సాయం" కొట్టి చూశాను. ఫోను తన తెలివంతా ఉపయోగించి దాన్ని "సాయంత్రం" చేసింది.

"పాపం, వాళ్లు సాయం అడుగుతున్నారు బాబాయ్! ఉండు, సరిచేస్తాను."

"ముట్టుకోకు! మనం కనిపెట్టామని వాళ్లకి తెలియకూడదు. నిఘా సంగతి నేను చూసుకుంటా."

ఒళ్లు మండి వదిలేశాను. ఇక కోట పని అయిపోయిందనుకున్నాను.

నెలాఖరుకి చూస్తే ముప్పై నలుగురు ఉన్నారు. ల్యాబు ఆవిడ కంప్యూటర్ ఆపనంది. "ఇంతమందిని ఎవరు పంపారు?" అన్నాడు బాబాయి. నాకూ అదే అనుమానం వచ్చి, ఎందుకు ఉండిపోయారని కొత్తవాళ్లని అడిగాను. అందరిదీ ఒకటే మాట, "ఆ కుంటిపిల్లి కోసమండీ."

దారి తప్పినప్పుడల్లా ఒక పిల్లి వస్తుందట. సరైన తలుపు దగ్గర కూర్చుని అరుస్తుందట. "పాపం, నడవలేక వెనకబడిపోతుంది. దానికోసం ఆగి ఆగి వెళ్తాం" అంది ఒకావిడ.

ప్రశ్నలు తగ్గించేటప్పుడు కోట ప్రోగ్రాం మొత్తం చదివాను. అందులో పిల్లి లేదు.

బాబాయి గదిలోకి వెళ్లాను. ఆయన ఒక్క వేలితో టైపు చేస్తున్నాడు. టక్కు... టక్కు... పిల్లి ఎందుకు కుంటుతోందో అర్థమైంది. పక్కనే 'అనుమానితులు' అని రాసిన నోట్‌బుక్ తెరిచి ఉంది. "పద్నాలుగో అనుమానితుడు: బావి చుట్టూ గంటసేపు తిరిగాడు. తాడు చూపించాను." "పంతొమ్మిదో అనుమానితురాలు: చీకటికి భయపడింది. పక్కన కూర్చున్నాను." ప్రతి పేజీలోనూ "సాయంత్రం" అని రాసి, "త్రం" మీద ఎర్రసిరాతో గీత కొట్టి ఉంది. మొదటి రోజు నుంచీ.

"అంటే నీకు ముందే తెలుసా! మరి ముఠా అన్నావ్?"

బాబాయి చెవులు ఎర్రబడ్డాయి. "దారి తెలియదని మనిషి ముందు ఒప్పుకోవాలంటే సిగ్గేస్తుందిరా. పిల్లి ముందు ఎవరికి సిగ్గు?" అని నోట్‌బుక్ మూసేశాడు. "అయినా నా గదిలోకి నిన్నెవరు పంపారు?"

ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. చెప్పినా నమ్మడు. ముందుగదిలోకి వచ్చి, ఫోన్లో కొత్త పేరుతో కోటలో దిగి, "సాయంత్రం" అని కొట్టాను.

లోపల టక్కు... టక్కు... "ఒక పిల్లి వచ్చి మీ కాళ్ల దగ్గర కూర్చుంది" అని వచ్చింది. చాలాసేపటికి ఇంకో వాక్యం: "మ్యావ్. నిన్నెవరు పంపారు?"

"పిన్ని" అని కొట్టాను.

లోపల మళ్లీ టక్కు... టక్కు...

"అయితే కాఫీ తెమ్మను" అంది పిల్లి.